బాతుల మంగాయి చూపు

పెద్దోళ్లకే పెద్దోళ్లు చెప్పిన మాట ఇది. ఎప్పటిదో ఎవరికీ గుర్తులేదు.

కొల్లేటి గట్టున ఒక ఊళ్లో మంగాయి బాతులు మేపుకునేది. పొద్దస్తమానం వాటిని చూడ్డమే ఆమె పని. ఏ బాతుకి కాలు నొప్పో, ఏది అలిగిందో నడక చూసి చెప్పేసేది.

ఆ ఊళ్లో ఇద్దరికి మూర్ఛలొచ్చేవి. ఒకడు దోనె తోలే గంగులు. ఇంకొకరు మునసబు కోడలు అచ్చియ్యమ్మ. భూతవైద్యుడొచ్చి, బియ్యప్పిండితో ముగ్గేసి, "ఇద్దరికీ ఒకటే దెయ్యం. వచ్చే అమావాస్యకి వాతలు పెడితే పోద్ది" అన్నాడు. ఈలోగా ముగ్గుని బాతులు తినేశాయి. జనం పడీపడీ నవ్వారు.

మంగాయి నవ్వలేదు. చూసింది. గంగులు పడ్డప్పుడు మూడుసార్లు చూసింది. అచ్చియ్యమ్మ పడ్డప్పుడు మూడుసార్లు చూసింది. పడ్డప్పుడల్లా తలకింద తన పైట పెట్టి, పక్కకి తిప్పి, చూసింది.

అమావాస్య వచ్చింది. కర్రు ఎర్రగా కాలింది. మంగాయి అడ్డం నిలబడింది.

"అయ్యా, ఇవి రెండూ ఒకటి కాదు. గంగులు కళ్లు తెరిచే ఉంటాడు. ముందు కొయ్యలా బిగుసుకుని, తర్వాత కొట్టుకుంటాడు. నాలుక కరుచుకుంటాడు. తొందరగానే తగ్గుద్ది గానీ, లేచాక పెళ్లాం పేరడిగినా చెప్పలేడు. అమ్మాయిగారు కళ్లు గట్టిగా మూసుకుంటారు. తల అటూ ఇటూ తిప్పుతారు. ఆగుద్ది, మళ్లీ మొదలవుద్ది. చాలాసేపుంటది."

మునసబు మండిపడ్డాడు. "అయితే మా కోడలు వేషాలేస్తోందన్నమాట!"

"కాదు బాబయ్యా! మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆవిడ కావాలని తెచ్చుకునేది కాదు, ఆపుకుంటే ఆగేదీ కాదు. రెండు బాధలూ నిజమే. ఇద్దర్నీ వైద్యుడికి చూపించండి."

కర్రు చల్లారిపోయింది. మునసబు పిలిపించిన పట్నం వైద్యుడు మంగాయి చెప్పిందంతా విన్నాడు. "నేను వీళ్ల మూర్ఛ ఒక్కటీ చూడలేదు. ఇవాళ నీ కళ్లే నా కళ్లు" అన్నాడు. గంగులుకి మందిచ్చి, ఒంటరిగా నీళ్లమీదికి పోవద్దన్నాడు. "ఈ అమ్మాయికి మందు కాదు, మనసిప్పి మాట్లాడే మనిషి కావాలి" అన్నాడు.

మంగాయి అచ్చియ్యమ్మని గట్టుమీద కూచోబెట్టుకుంది. మొదటిరోజు ఆమె బాతుల్ని చూస్తూ కూచుంది. రెండోరోజు ఏడ్చింది. మూడోరోజు, వరదలో పోయిన తమ్ముడి పేరు చెప్పింది. అత్తింట్లో ఆ పేరెత్తనిచ్చేవారు కాదు. చెప్పగా చెప్పగా గుండె తేలికైంది, మూర్ఛలు తగ్గుతూ వచ్చాయి. గంగులుకీ ఎప్పుడో గానీ రావడం లేదు.

మంగాయి ముసలిదై కన్నుమూసింది. ఇప్పటికీ అక్కడ ఎవరైనా పడిపోతే చేతిలో తాళాలు పెట్టరు, నోట్లో ఏమీ కుక్కరు. పక్కకి తిప్పి, "మంగాయిలా చూడండి! కళ్లు తెరిచున్నాయా, మూసున్నాయా?" అంటారు. ఎవడైనా "వేషాలు" అని నోరు జారాడో, పిల్లలు కూడా ఊరుకోరు.

"పోయి నాలుగు రోజులు బాతులు మేపుకురా మావా, చూపొస్తది!"