కాలికేం తగిలింది?

అనగనగా అంటే మరీ అంత వెనక్కేం కాదు పిల్లలూ. వాగులు మనుషుల మాట వినని రోజుల్లో, పందికొక్కులు మాత్రం మనుషుల మాటలన్నీ వినే రోజుల్లో, మేడిదిన్నె అని ఒక ఊరు ఉండేది.

ఆ ఊరికి ఎగువన ఒక వాగు. పదకొండు నెలలు పడుకునేది. పన్నెండో నెలలో లేచి దొరికిందల్లా ఈడ్చుకుపోయేది. అందుకే దానికి పిచ్చివాగు అని పేరు. మూడుసార్లు ఊరు కొట్టుకుపోయింది. రెండుసార్లు జనం ఏడ్చుకుంటూ మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. మూడోసారి ఏడవడం మానేసి, తట్టలు పట్టుకుని, ఈ కొండకూ ఆ కొండకూ మధ్య పెద్ద మట్టికట్ట పోశారు.

దాన్ని మామూలు చెరువుకట్ట అనుకునేరు! ఈ కట్ట వెనక నీళ్ళు నిలవ ఉంచరు. వాగు పిచ్చెత్తి వచ్చినప్పుడు కట్ట దాన్ని పట్టి ఆపుతుంది. అడుగునున్న తూములోంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. పది రోజుల్లో అంతా ఖాళీ. ఇక ఏడాదంతా అక్కడ పచ్చిక బయలే. పిల్లలు చెడుగుడు ఆడేవారు. ముసలివాళ్ళు కట్ట మీద చల్లగాలికి నడిచేవారు. కొత్త దంపతులు నడుస్తున్నట్టు నటించేవారు. అంత హాయైన చోటు చుట్టుపక్కల పదూళ్ళలో లేదు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. కట్ట ఎక్కేవారు ఎంతటివారైనా చెప్పులు కింద విడవాల్సిందే. పోయేటప్పుడు కట్ట మీద నడవాలి. వచ్చేటప్పుడు ఊరివైపు కట్ట పాదం వెంబడి, గడ్డిలో నడుచుకుంటూ రావాలి. దారి చివర తూము దగ్గర సుంకులమ్మ అవ్వ కూర్చుని ఉండేది. ఆమె నీరుగంటి. అంటే తూము తలుపు ఎత్తి దించే మనిషి. వచ్చిన ప్రతివారినీ ఒకటే మాట అడిగేది.

"కాలికేం తగిలింది?"

"పల్లేరుకాయ తగిలింది అవ్వా!"

"పేడ తగిలింది అవ్వా!"

"మా ఆయన కాలు తగిలింది అవ్వా," అని ఒక కొత్త కోడలు సిగ్గుపడుతూ చెప్పేది.

అవ్వ పకపకా నవ్వేది. అదొక సరదా అనుకున్నారే గాని, ఎందుకడుగుతుందో ఎవరూ ఆలోచించలేదు.

ఇలా ఉండగా ఆ దేశానికి రంగభూపతి కొత్తగా రాజయ్యాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ మాటైనా సగం విని పని మొదలుపెట్టేవాడు. ఇంకా అతనికి కిర్రుచెప్పులంటే ప్రాణం. అతను వీధి మలుపులో ఉండగానే కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చేది, తరవాత రాజు వచ్చేవాడు.

ఒకనాడు రాజు అవ్వను పిలిపించాడు. "నీరుగంటీ! మేము హంసపడవ చేయించాము. తూము మూసి ఉంచు. ఏడాది పొడుగునా కట్ట వెనక నీళ్ళు నిండుగా ఉండవలెను."

అవ్వ ఒక నిండు కడవ తెచ్చి పెట్టింది. రాజు చేతికి చెంబెడు నీళ్ళిచ్చింది. "దీంట్లో పొయ్యి సామీ."

రాజు పోశాడు. కడవ పొర్లి కిర్రుచెప్పులు తడిసి ముద్దయ్యాయి.

"చూస్తివా సామీ? నిండిన కడవలో వాన పట్టదు. ఖాళీగా ఉంటేనే మన కట్టకు బలం. వాగొచ్చినప్పుడు పదినాళ్ళు నీ పడవ ఆడుకో. నేనేమన్నా వద్దంటినా?"

రాజు తడిసిన చెప్పులు చూసుకుని నవ్వాడు. సరేనన్నాడు.

మరొకనాడు రాజు మామిడిమొక్కలు బండ్ల మీద తోలించాడు. "కట్ట పొడుగునా నాటండి. నీడగా ఉంటుంది."

"అయ్యో సామీ! వేర్లు నీళ్ళ కోసం కట్ట లోపలికి దూరతాయి. ఎప్పుడో చెట్టు చస్తాది, వేరు కుళ్ళతాది, దాని జాగాలో బొక్క మిగల్తాది. కట్టకు గడ్డి చాలు. చెట్లు అల్లంత దూరాన నాటుకో."

రాజు మొక్కలు దూరంగా నాటించాడు. కానీ ఈసారి నవ్వలేదు.

మూడోసారి రాజు కొలువుతో సహా కట్ట చూడటానికి వచ్చాడు. జనం తిరిగే చోట గడ్డి నలిగి దారి పడి ఉంది. "ఇంత అందమైన కట్టను తొక్కి పాడుచేస్తున్నారే! ఇకమీదట ఎవరూ ఇక్కడ కాలు పెట్టరాదు. తలుపులు బిగించండి."

"వద్దు సామీ," అంది అవ్వ. "కట్ట కోసు పొడవు. నాకుండేది రెండు కాళ్ళు. ఆ జనం కాళ్ళే నాకు కళ్ళు."

కాళ్ళు కళ్ళెలా అవుతాయని కొలువంతా గొల్లున నవ్వింది. రెండుసార్లు ఓడిన రాజుకు మూడోసారి కూడా ఓడటం చిన్నతనం అనిపించింది. కట్ట చుట్టూ కంచె లేచింది, దారికి రెండు కొసలా తలుపులు పడ్డాయి. చెడుగుడు ఆగిపోయింది. కొత్త కోడలు ఇంట్లోనే కూర్చుంది.

కట్ట కింద మాత్రం ఒక ఇంట్లో సంబరం మొదలైంది.

"ఏమండీ, విన్నారా? నెత్తి మీద ఆ ధబధబలు ఆగిపోయాయి!" అంది ఆడ పందికొక్కు.

"విన్నానే. రాజుగారు దయామయులు," అంది మగ పందికొక్కు. "ఇక భయమేముంది? ఇక్కడే ఇల్లు పెంచుకుందాం."

గింజలకు ఒక గది తవ్వాయి. పిల్లలకు ఒక గది తవ్వాయి. చుట్టాలు వస్తే ఉండటానికి పొడుగాటి వసారా తవ్వాయి.

భాద్రపదం వచ్చింది. మబ్బులు కొండల మీద కూర్చున్నాయి. మూడు రోజులు వాన పడింది. నాలుగో రోజు పొద్దున పిచ్చివాగు లేచింది. ఎర్రగా, గొంతెత్తి అరుచుకుంటూ వచ్చి కట్టను గుద్దింది. కట్ట కదల్లేదు. నీళ్ళు మూడొంతులకు ఎక్కాయి. అవ్వ తూము దగ్గరే ఉండి తలుపు ఎత్తుతూ దించుతూ ఉంది. ఒక్క అడుగు పక్కకు వేసే తీరిక లేదు.

రాజు కట్టను చూసి రమ్మని మంత్రిని పంపాడు. మంత్రి గుర్రం మీద వెళ్ళి వచ్చాడు. "అంతా భేషుగ్గా ఉంది."

"కాలికేం తగిలింది?" అని అవ్వ అడిగింది.

"రికాబు తగిలింది."

సేనాపతి పల్లకీలో వెళ్ళి వచ్చాడు. "అంతా దివ్యంగా ఉంది."

"కాలికేం తగిలింది?"

"మెత్తని దిండు తగిలింది."

చివరకు రాజే కిర్రుకిర్రుమంటూ నడిచి వచ్చాడు. "అవ్వా, భయం లేదు. నేనే చూశాను."

"నీ కాలికేం తగిలింది సామీ?"

"నా చెప్పు తగిలింది. ఇంకేం తగులుతుంది?"

అవ్వ తూము తలుపు వదలకుండానే చెప్పింది. "అయితే కట్ట ఎవరికీ తగల్లేదు సామీ. నాకు భయంగా ఉంది. కట్ట తెగితే ఊరుండదు. నా మునిమనవరాలు ఆ ఊళ్ళోనే ఉయ్యాల్లో నిద్రపోతాంది. ఆ చెప్పులు విడిచి, కట్ట పాదం వెంబడి ఒక్కసారి నడిచి రా. ఏమీ తగలకపోతే ఈ నీరుగంటి పని నీకే అప్పజెప్పి పోతా."

రాజుకు మొదటిసారి ఒక మాట పూర్తిగా వినబడింది. చెప్పులు విడిచాడు.

చిన్నతనం దాటాక ఆ పాదాలు నేల ఎరగవు. గడ్డి తగిలి చక్కిలిగింతలు పుట్టాయి. ముల్లు గుచ్చుకుని అమ్మో అన్నాడు. ఊరి జనం తలుపుల అవతలినుంచి తొంగి చూసి నవ్వు ఆపుకున్నారు. మూడువందల అడుగులు నడిచాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి నీరు పైకి ఉబుకుతోంది. గడ్డి ఒత్తుగా ఉండి పైకేమీ కనిపించడం లేదు.

"అవ్వా! చల్లగా తగిలింది!" అని అరిచాడు.

"తేటగా ఉండాదా, ఎర్రగా ఉండాదా?"

రాజు గడ్డి పాయ తీసి చూశాడు. "ఎర్రగా ఉంది!"

"తేటనీరైతే కట్టకు చెమట పట్టినట్టు. ఎర్రనీరైతే లోపల మట్టి కరిగిపోతాంది సామీ! దారి తలుపులు తెరిపించి జనాన్ని పిలిపించు!"

తలుపులు తెరుచుకున్నాయి. ఊరు ఊరంతా ఉరికి వచ్చింది. ఎవరో బంకమన్ను తెచ్చి నీరు ఉబికే బొక్కలో కూరబోయారు. "మూయొద్దు!" అని అవ్వ తూము దగ్గరినుంచే కేకేసింది. "మూస్తే ఇంకోపక్క పొడుచుకొస్తాది. నీళ్ళను పోనీండి, మన్నును ఆపండి! ముందు ఇసుక, దాని మీద గులకరాళ్ళు, దాని మీద పెద్ద రాళ్ళు!"

తట్టలు చేతులు మారాయి. రాజు వరసలో నిలబడి తట్ట అందుకున్నాడు. వెనకనున్న ఆసామి "త్వరగా కదులు నాయనా!" అని కసిరి, ముందున్నది రాజని చూసి నాలుక్కరుచుకున్నాడు. రాజు మాత్రం నిజంగానే త్వరగా కదిలాడు. పొద్దు వాలే వేళకు రాళ్ళ సందుల్లోంచి నీరు తేటగా వచ్చింది. ఎంత తేటగానంటే, కొత్త కోడలు వంగి అందులో ముఖం చూసుకుంది. జనం ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు, నవ్వారు.

అప్పుడు తడిసిన పందికొక్కు ఒకటి పెళ్ళాం పిల్లలతో బయటికి వచ్చి రాజుకు దణ్ణం పెట్టింది. "ప్రభూ, మీరు జనాన్ని ఆపబట్టి హాయిగా ఇల్లు కట్టుకున్నాం. మళ్ళీ ఈ ధబధబలు మొదలైతే మేమెలా ఉంటాం? సెలవు."

రాజు తల దించుకున్నాడు. తన తప్పు ఎవరు చెప్పినా అంత సూటిగా చెప్పి ఉండేవారు కాదు.

ఆ పది రోజులూ రాజు హంసపడవలో పిల్లలను ఎక్కించుకుని తిరిగాడు. నీరు రోజూ కొంచెం తగ్గింది. పదకొండోనాడు పడవ రాజుతో సహా పచ్చిక మీద కూర్చుండిపోయింది. పిల్లలు ఈలలు వేశారు. రాజు దాన్ని అక్కడే వదిలేశాడు. అది ఏడాదంతా పిల్లల ఆటల కోట అయింది. ఊడబీకిన తలుపులతో ఉయ్యాలలు కట్టారు.

నేల ఆరాక పందికొక్కు ఇల్లంతా తవ్వి, కొత్తమన్ను పొరపొరగా పోశారు. గట్టిపడాలిగా! దాని మీద గొర్రెల మందలను తోలారు. తరవాత ఊరంతా కలిసి చెక్కభజన ఆడింది. అడుగు పడినచోటల్లా మన్ను గట్టిపడింది. మధ్యలో రాజు తాళం తప్పుతూనే ఉన్నాడు, అయినా ఎవరికంటే గట్టిగా తొక్కాడు.

అప్పటినుంచి కట్ట మొదట్లో జనం చెప్పుల మధ్య ఒక జత కిర్రుచెప్పులు కూడా కనిపించేవి. రాజు రోజూ సాయంత్రం కట్ట పాదం వెంబడి నడిచి తూము దగ్గరకు వచ్చేవాడు.

"కాలికేం తగిలింది సామీ?"

"గడ్డి అవ్వా. వట్టి గడ్డే!"

అవ్వ పకపకా నవ్వేది. దిగువన మేడిదిన్నె చల్లగా ఉండేది.

కాబట్టి పిల్లలూ, నలుగురు కాలు పెట్టి ఆనందించే చోటును నలుగురూ కనిపెట్టి ఉంటారు. ఎవరినీ రానివ్వని చోటు ఎంత అందంగా ఉన్నా దాని లోపల పుట్టిన లోపం ఎవరి కంటా పడదు.