చమత్ అన్న నాలుక

అనగనగా అంటే రాజుతోనే మొదలవ్వాలని ఎక్కడా లేదు. అనగనగా ఒక ముమ్మిడమ్మ. వయసు నలభై రెండు. రుచి కుదిరితే నాలుక చప్పరించడం ఆమెకు అలవాటు.

ఆ అలవాటే ఆమె కొలువు. రాజు వీరభల్లుడి వంటకాలు ముందుగా ఆమె రుచి చూడాలి. ఆమె నాలుక "చమత్" అంటేనే పళ్లెం రాజు ముందుకు కదిలేది. అనకపోతే పెంటకుప్పకు పోయేది. ఆ కొలువు మీదే ఆమె, ఆమె ముసలి తల్లి బతుకుతున్నారు.

రాజుకు ఇంకో పిచ్చి ఉంది. రోజూ సభలో ఎవరో ఒకరి మీద హాస్యాలాడేవాడు. సభ విరగబడి నవ్వేది. అయినా ఆయనకు సింహాసనం మీద కుదురుండేది కాదు. వీళ్లు నవ్వుతున్నది నా మాటకా, నా కిరీటానికా? ఆ అనుమానం పంటి సందున ఇరుక్కున్న పీచులా సలిపేది.

చివరికి ముమ్మిడమ్మను సభకు పిలిపించాడు. రాజ్యంలో అబద్ధమాడని నాలుక అదొక్కటేనని ఆయనకు తెలుసు. మూడు మాటలు విసురుతాను, ఒక్కదానికైనా చప్పరించు, లేదంటే ఈ పూటే కొలువు వదిలి పొమ్మన్నాడు.

మొదటిది సేనాపతి బట్టతల మీద. సభ నవ్వింది. అందరికన్నా గట్టిగా సేనాపతే నవ్వాడు. ముమ్మిడమ్మ నాలుక కదల్లేదు.

రెండోది రాణి వైపు చూస్తూ వదిలాడు. "ఆడదాని తెలివి జల్లెడ. పిండంతా కారిపోయి పొట్టే మిగులుతుంది."

సభ పగలబడి నవ్వింది. రాణి తల దించుకుంది. ముమ్మిడమ్మ కొంగు మెలిపెట్టింది. ఇంట్లో తల్లి, ఆరిన పొయ్యి, ఖాళీ కుండ కళ్ల ముందు తిరిగాయి. ఒక్క చప్పరింపుతో గండం గడుస్తుంది. నాలుక మాత్రం మొరాయించింది.

మూడోది నీళ్లు మోసే సూరమ్మ మీద పడింది. "ఇది కుంటుతూ కడవ తెస్తుంటే, దారికి కళ్లాపి చల్లే మనిషి అక్కర్లేకుండా పోయింది."

గుమ్మం దగ్గర సూరమ్మ కడవ దించి, తడిసిన నేలను పాదంతో తుడవబోయింది.

"ఏమే, నాలుక పడిపోయిందా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ. పాచిపోయినది మీ నోట్లోకి పోకుండా ఆపడం నా పని. ఇదేమో మీ నోట్లోంచే వస్తోంది. నేనెక్కడ నిలబడి ఆపను?"

అంతలో రాణి నాలుక "చమత్" అంది. ఆపుకోబోయింది, ఆగలేదు. ఆ వెంటనే సూరమ్మది, తర్వాత సేనాపతిది. నాలుకల్ని అలా కదిలించిన మాటకు ఆ ఊరివాళ్లు చమత్కారం అని పేరు పెట్టుకున్నారు.

రాజు మాట తప్పలేదు, ఆమె కొలువు తీసేశాడు. ఆమె స్థానంలోకి వచ్చిన పెద్దమనిషి భయంతో ప్రతి పళ్లేనికీ చప్పరించాడు. పులిసిపోయిన పప్పు తిని రాజు మంచం పట్టాడు. తిరిగి రమ్మని ముమ్మిడమ్మకు కబురు మీద కబురు పంపాడు.

బలం లేనివాళ్ల మీద విసిరితే అది ఎగతాళి. బలవంతుడికి నిజాన్ని రుచిగా వడ్డిస్తేనే అది చమత్కారం.

ముమ్మిడమ్మ కోటకు తిరిగి వెళ్లలేదు. సూరమ్మతో కలిసి సంతలో పూటకూళ్ల ఇల్లు పెట్టుకుంది.