పుల్లన్న నడిచే పక్క

పుష్యమాసంలో పూసలు గుచ్చడానికి కూడా పొద్దు చాలదంటారు. ఆ మాట పనున్నవాళ్లకు. వేరుశనక్కాయ కొట్టంలోకి చేరి, నాగలి చూరెక్కాక, దొడ్లో ఊరికే నిలబడ్డ ఎద్దుకు ఆ చిన్న పొద్దే ఏడాదంత ఉంటుంది. బోడిగుట్ట కింద ఒక రైతు దొడ్లో బూదన్న అనే ముసలి ఎద్దు సంగతి అదే.

అతని జత పుల్లన్న కార్తీకంలో జబ్బుచేసి పోయాడు. ఇద్దరూ పన్నెండేళ్లు ఒకే కాడి కింద నడిచారు. కాడికి ఎడమ పక్క కట్టేది దాపలెద్దు, కుడి పక్క కట్టేది వలపలెద్దు. బూదన్న దాపల, పుల్లన్న వలపల. పుల్లన్న పోయి రెండు నెలలైనా, బూదన్న నీళ్ల తొట్టికి వెళ్లినా గాటి దగ్గర పడుకున్నా, కుడి పక్క ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలేవాడు. కావాలని కాదు. ఒళ్లు అలా అలవాటు పడిపోయింది. మేత కూడా సగం తిని సగం వదిలేస్తుంటే, పక్క గుంజకున్న మేక ఎల్లక్క గట్టిగా మందలించింది. ఆ మిగిలిన సగం తానే తినేసి మరీ మందలించింది.

బూదన్నకు ఒకటే కోరిక. ఒకప్పుడు చలికాలం పొద్దున్నే రాళ్ల కోసం గుట్ట మీదికి బండి లాగితే, మంచు అంతా కిందే ఉండిపోయి పైన వెచ్చగా ఎండ తగిలేది. మనుషులు రాళ్లెత్తేలోపు ఇద్దరూ ఆ ఎండలో నిలబడి ఒకరి మెడ ఒకరు నాకేవాళ్లు. ట్రాక్టరు వచ్చాక రెండేళ్లుగా ఆ బండి మూలపడింది. ఇంకొక్కసారి అక్కడ నిలబడాలి. దారి ఎంతో లేదు, దొడ్డి వెనకే మొదలవుతుంది. కానీ ఒక్కడే వెళ్లాలంటే కాళ్లు ఆడవు. ఆ సంగతి చెబితే, బండీ బరువూ లేకుండా గుట్టెక్కడం ఎద్దులకు ఎక్కడుందని ఎల్లక్క నవ్వింది.

ఆ మాటలన్నీ గడ్డివామి వెనక నక్క సుంకన్న చెవిన పడ్డాయి. వాడు నాలుగు రోజులుగా అక్కడే మాటు వేసి ఉన్నాడు. ఐదో రోజు పొద్దున మంచు దట్టంగా దిగింది. పని లేని ఎద్దును కట్టెయ్యడమెందుకని రైతు పలుపు విప్పి మెడకే చుట్టి వదిలేశాడు. ఇదే అదనని సుంకన్న ముందుకొచ్చాడు. నక్క వినయం ఎంతుంటుందో తెలిసిందే కదా.

“మామా, నీకు జత నేనొస్తా. పోదాం పా.”

“నీకేం పని అల్లుడా, గుట్ట మీద?”

“పనేముంది? నీ కండ్లల్ల నీళ్లు సూడలేక.”

ఆ ఒక్క మాటకు బూదన్న కరిగిపోయాడు. రెండు నెలల్లో అతని కళ్లవంక చూసినవాళ్లే లేరు మరి.

సుంకన్న ఆలోచన వేరు. పోయిన వేసవిలో ఎవరో పొక్లెయిన్ తెచ్చి, కంకర కోసం సగం దారిలో మలుపు దగ్గర లోతైన గుంత తవ్వి, అలాగే వదిలేసి పోయారు. అది దారికి కుడి పక్క అంచునే ఉంది. బూదన్నకు దాని సంగతి తెలియదు. ఎద్దు అందులో పడితే శివరాత్రి దాకా నక్కకు తిండికి ఢోకా లేదు. పైగా ఈ ఎద్దు కుడి పక్కకు తలే తిప్పడని నాలుగు రోజుల్లో వాడు కనిపెట్టాడు. చూడని పక్కే పడే పక్క అని తీర్మానించుకున్నాడు.

ఇద్దరూ బయల్దేరారు. నక్క ముందు, ఎద్దు వెనక. గడ్డిపోచల మీద మంచు నీళ్లు, ముక్కు ముందు ఆవిరి, పొదల్లో ఎర్రబడిన రేగుపళ్లు. బలుసు కంపలు గీసుకుంటున్నా బూదన్న దారికి ఎడమ అంచునే నడిచాడు. నడుస్తూ పుల్లన్న కబుర్లు చెప్పాడు. కొండంత ఒళ్లుండి కూడా కంజుపిట్ట రివ్వున లేస్తే చాలు, ఉలిక్కిపడి తన మీద పడేవాడట. ఆఖరి ఏడు నాగలి దగ్గర వాడికి ఆయాసం వస్తుంటే, రైతుకు తెలియకుండా తానే ఎక్కువ లాగేవాడట. వింటూ వింటూ సుంకన్న కాసేపు ఆకలి సంగతే మరిచిపోయాడు. మలుపు రాగానే మళ్లీ గుర్తొచ్చింది.

“మామా, ఎడం దిక్కు ముళ్లు. కుడికి జరుగు.”

“అది నా చోటు గాదు అల్లుడా.”

“మరెవరిది?”

“పుల్లన్నది.”

ఎడమ పక్క పాముందని చెప్పి చూశాడు. కుడి పక్క లేత గరికుందని ఊరించాడు. బూదన్న వెంట్రుకవాసి జరగలేదు. చివరికి నక్కకు ఓపిక నశించింది.

“యాడుండాడు పుల్లన్న? సచ్చి రెండు నెల్లాయ. ఆడ ఎవురూ లేరు, ఉత్త చోటు. సూడు, నేను నిలబడి సూపిస్తా.”

వాడు కుడి పక్కకు దూకి నిలబడ్డాడు. అంచుకు రెండడుగులు ఇవతలే ఆగాడు, తెలివైనవాడు కదా. ఆ మాటకు బూదన్న మనసు చివుక్కుమంది. అయినా మెత్తగానే చెప్పాడు.

“నిలబడితే ఇంకొంచెం అవతల నిలబడు అల్లుడా. వాడిది పెద్ద ఒళ్లు. వాడికి చోటుండనీ.”

నక్క చిరాకులో అంచు సంగతి మరిచి ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకానా అని అడిగి ఇంకో అడుగు వేశాడు. కాలికింద కంకర జారింది.

కేక విని, రెండు నెలల్లో మొదటిసారి బూదన్న కుడి పక్కకు తల తిప్పాడు. అక్కడ దారి లేదు. లోతు కూడా తెలియని గుంత. బారెడు కింద ఒక తంగేడు మొక్కను పట్టుకుని సుంకన్న వేలాడుతున్నాడు.  తాను ఆ పక్కకు జరిగి ఉంటే ఏమయ్యేదో బూదన్నకు అప్పుడు అర్థమైంది.

“గుంతుండాదని నీకు ముందే తెలుసునా?”

“తెలీదు మామా, నా మీదొట్టు.”

తంగేడు వేరు ఒకటి పుటుక్కున తెగింది.

“తెలుసు మామా.”

బూదన్నకు కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. తన కన్నీళ్లు చూసిన ఒక్కడూ వీడేనా అని. వదిలేసి పోయినా తప్పుపట్టేవాళ్లు లేరు. కానీ ఒక జత పోవడం ఎలా ఉంటుందో తెలిసినవాడు అతను. ఈ దొంగకు కూడా ఎక్కడో ఒక బొరియ, అందులో ఒకరు ఉండే ఉంటారు. మెడ విదిలించాడు. చుట్టిన పలుపు విడిపోయి కొస గుంతలోకి వేలాడింది.

“కరిచి పట్టుకో,” అన్నాడు.

ఒక్కో అడుగే వెనక్కి వేశాడు. రాళ్లబండి లాగిన మెడకు నక్క ఒక బరువా? సుంకన్న దారి మీదికొచ్చి పడి, తోక ముడుచుకుని, ఎద్దు ముఖం చూడలేక నేల చూశాడు. బూదన్న గుట్ట వైపు తిరిగాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

“రావా? జత వస్తానంటివే.”

పైన మంచు విడిపోయింది. ఎండ వెచ్చగా ఉంది. బూదన్న పాత చోటునే నిలబడి, కళ్లు మూసుకుని, మెడ కుడి పక్కకు చాచాడు. మెడ మీద ఎండ పడింది. రెండు నెలలుగా గొంతులో ఉండిపోయిన నిట్టూర్పు అప్పుడు బయటికొచ్చింది. నిట్టూర్చాక ఆకలి వేసింది. పక్కనున్న గడ్డి కొరికాడు.

సుంకన్న ఆ కుడి పక్క ఖాళీని చూశాడు. దానికి తోక కూడా తగలకుండా దూరంగా చుట్టు తిరిగి వచ్చి, ఎడమ పక్కన ఒదిగి కూర్చున్నాడు. ఆ పూటకి నక్క కడుపుకు రేగుపళ్లే గతి.

పోయినవాళ్ల చోటు ఖాళీ అనుకున్నవాడికి గుంతే మిగులుతుంది.