పడమటి వైపు తాళ్ళు

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. ఉత్తరాలు కూడా ఇంకొకళ్ళ చేత రాయించుకునేదాన్ని. ఐదు దాకా చదివాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

ఒక ఊళ్ళో ఒక నుయ్యి ఉంది. దానికి తూర్పున, ఉత్తరాన, దక్షిణాన గిలకలున్నాయి. పడమట లేదు. పడమటి వీధి ఆడవాళ్ళు పడమటి వైపే తోడుకోవాలి. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు గానీ, అందరికీ గుర్తుంది. గిలక లేకపోతే తాడు రాతి ఒర మీద రాసుకుంటుంది. నెల తిరక్కుండా తెగుతుంది. తెగేలోపు అరచేతులు కోస్తుంది.

ఆ ఊళ్ళో ఒక గొప్పింటి అమ్మ ఉండేది. మనసు మంచిది. నెలనెలా పడమటి వీధికి కొత్త తాళ్ళు దానం చేసేది. ప్రతి తాడు కొసనా ఆవిడ పేరు ఎర్రదారంతో కుట్టి ఉండేది. తెగిన తాడు తెచ్చి చూపిస్తేనే కొత్తది. ఏటేటా తాళ్ళు ఎక్కువ పోతుంటే, "చూశావా, మన దానం ఎలా పెరుగుతోందో" అని గుమస్తాతో మురిసిపోయేది. గుమస్తా తలూపేవాడు. ఆయన కొలువు అదే.

పడమటి వీధిలో విస్తళ్ళు కుట్టుకుని బతికే ఆమె ఒకతె ఉంది. ఆ నెల ఆమె చేతులు మరీ కోసుకుపోయాయి. ఆకు పట్టుకుంటే నెత్తురు అంటుతోంది. మరక పడ్డ విస్తరిలో ఎవరు తింటారు? ఇంకో నెల ఇలాగే అయితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని తాళ్ళిచ్చే రోజున వెళ్ళి, "నాకు తాడొద్దండి" అంది.

గుమస్తా తలూపడం మర్చిపోయాడు.

"మరేం కావాలే?" అంది అమ్మ.

"ఆ గిలకలు ఎవరివో ఆ ఇళ్ళకి మేం నలుగురం తిరగాలమ్మగారూ. కూచుని మాట్లాడాలి. తిట్టి పంపినా మళ్ళీ వెళ్ళాలి. తిరిగినన్నాళ్ళూ మాకు పనుండదు. అన్నాళ్ళూ తిండిగింజలు మీరు పెట్టండి."

"తిరిగితే గిలక దగ్గరికి రానిస్తారా?"

"రానివ్వచ్చు. రానివ్వకపోవచ్చు."

"మరి నేనిచ్చినదానికి గుర్తేమిటి?"

"తాడు తెగదు. అంతేనండి."

గుమస్తా గొంతు సవరించుకున్నాడు. "తాడైతే పేరు కుట్టాం. మాటకి ఎక్కడ కుడతామండీ?"

అమ్మ బాగా ఆలోచించింది. ఆలోచించి, రెండింతలు లావు తాడు ఇప్పించింది.

లావు తాడు తెగలేదు. చేతులే తెగాయి.

పదిహేను రోజులకి ఆమె మళ్ళీ వచ్చింది. రెండు చేతులకీ గుడ్డలు చుట్టుకుని ఉంది. ఈసారి అమ్మ తాడు మాటెత్తలేదు. ఆ గుడ్డల వంకే చూస్తూ, "గింజలు ఎన్నాళ్ళకి కావాలి?" అంది.

"ఏడాదికండి."

"ముందు ఎవరింటికి వెళ్తారేం?"

"మీ ఇంటికేనండి. తూర్పు గిలక మీదే కదా."

గుమస్తా ఇంటికప్పు కేసి చూడ్డం మొదలెట్టాడు.

అమ్మ మాత్రం ఆమె కేసే చూస్తూ, "మా ఇంటికి రావడానికి ఏడాదెందుకే?" అంది.

"రావడానికి ఒక పూట చాలండి. తక్కినదంతా మీరు ఒప్పుకోడానికి."

అమ్మకి కోపం రాబోయి, నవ్వొచ్చింది. గాదె తాళంచెవి తీసి గుమస్తా ముందు పెట్టింది. "ఏడాది గింజలు ఒక్కసారే పంపించెయ్. ఎంతవరకూ వచ్చిందని వారం వారం వెళ్ళి అడక్కు" అంది.

తర్వాత ఆమె వైపు తిరిగి, "రేపు రండి. నేను ఒప్పుకోను" అంది.

ఇది రాసి పడుకున్నాను. మర్నాడు పొద్దున మా వీధి పంపు దగ్గర నా బిందె వరసలో అన్నిటికన్నా ముందుంది. దాన్ని తీసి, రోజూ ఆఖర్న నిలబడే ఆమె బిందె వెనక పెట్టాను. ఆమె నా బిందె వంక అనుమానంగా చూసి, "చిల్లు పడిందా వదినా?" అంది.

లేదన్నాను.