సుడిగుంట దగ్గర పిలుపు

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, పొగమంచు నడుమ ఏడుమెట్ల కోట అని ఒక కోట ఉండేదట. ఆ కోటకు వారసురాలు అన్నలదేవి. తండ్రి పోయాక తాళాలు దళవాయి దగ్గర ఉండిపోయాయి. దళవాయి అంటే సేనకు పెద్ద. ఆమె పెళ్లినాడు తాళాలు ఆమెకు అప్పజెప్పాలి. అతనికి ఆ మనసు లేదు.

అన్నలదేవి ఏటి అవతలి రాకుమారుణ్ణి కోరుకుంది. ముహూర్తం కుదిరింది. ఇక పల్లకి ఏరు దాటాలి.

ఆమె దాసి వెంగమ. వెంగమ మనసేమో పల్లకి మోసే తిప్పడి మీద. దాసి పెళ్లాడాలంటే కోట పెద్ద సెలవివ్వాలి. మూడేళ్లు అడిగారు. మూడేళ్లూ దళవాయి లేదన్నాడు.

తిప్పడు ముందుబోయీ. వెనక మోసేవాళ్లకు దారి కనపడదు కదా, అందుకని ముందుబోయీ పాటలా పిలుపు ఇస్తాడు. "రాయుందీ" అంటే వెనకవాళ్లు కాలెత్తుతారు. "గుంటుందీ" అంటే పక్కకు జరుగుతారు. "విన్నాం తిప్పన్నా" అని బదులిస్తారు. కళ్లు అతనివి, కాళ్లు వాళ్లవి.

ప్రయాణానికి ముందునాడు, తెల్లవారుతుండగా, వెంగమ పూలు కోస్తుంటే తిప్పడు వచ్చి నిలబడ్డాడు.

"ఏం బావా, ముఖం అలా వేలాడేశావు?"

"దళవాయి మూడుసార్లు పిలిపించాడు. మొదటిసారి, మంచి గొంతురా నీది అన్నాడు. రెండోసారి, ఆ గొంతు తెగితే పాపం కదరా అన్నాడు. మూడోసారి అసలు మాట చెప్పాడు. ఏటి నడుమ సుడిగుంట దగ్గర 'గట్టి నేల' అనాలట."

వెంగమ పూలు కొయ్యడం ఆపింది. "దొరసాని మునిగిపోతుంది."

"అదే కావాలి. మీద చెయ్యి వేస్తే హత్య అంటారు, ఏరు మింగితే తలరాత అంటారు, అన్నాడు. ఆ ఒక్క అబద్ధం ఆడితే నిన్ను నాకిచ్చేస్తాడట."

"ఒక్క అబద్ధానికేనా నేను? మరీ చవగ్గా వెలకట్టాడు," అంది వెంగమ. నవ్వబోయింది, నవ్వు రాలేదు. "దొరసానితో చెబుదామా?"

"చెబితే ప్రయాణం ఆగుతుంది. ఆగితే కోటలోనే ఇంకో దారి వెతుకుతాడు. ఆమె ఏరు దాటితేనే బతుకుతుంది, వెంగీ."

"మరి నువ్వేమన్నావు?"

"తల ఊపాను. ఊపకపోతే ఇంకొకణ్ణి పెడతాడు."

అతను ఆమె బుట్టలోంచి ఒక పువ్వు తీసుకుని వెళ్లాడు.

మర్నాడు ఏరు పాలలా తెల్లగా ఉంది. మంచు మీద పల్లకి తేలిపోతున్నట్టుంది. పక్కనే వెంగమ నడుస్తోంది. గట్టు మీద గుర్రమెక్కి దళవాయి చూస్తున్నాడు.

"రాయుందీ." "విన్నాం తిప్పన్నా."

"ఇసుకుందీ." "విన్నాం తిప్పన్నా."

సుడిగుంట వచ్చింది. తిప్పడు ఒక్కసారి వెంగమ వైపు చూశాడు.

"గుంటుందీ... పక్కకు జరగండీ."

"విన్నాం తిప్పన్నా."

గట్టు మీంచి దళవాయి బాణం వచ్చింది. తిప్పడి వీపున దిగింది. అతను పల్లకి దండె వదల్లేదు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగు నీళ్లు వేయించాయో, అతనే వేశాడో ఎవరికీ తెలీదు.

గొంతు ఆగింది. పల్లకి ఒరిగింది. ఆడది పల్లకి మోయకూడదనే రోజులవి. వెంగమ దండె కింద భుజం పెట్టింది. తిప్పణ్ణి ఏరు మెల్లగా తీసుకుపోతుంటే అటు చూడలేదు. చూస్తే దారి తప్పుతుంది.

"ఇంకా గుంటుందీ," అని పిలిచింది.

వెనకవాళ్లకు అది ఆడగొంతని తెలిసింది. ఎందుకో తెలిసింది. అయినా అదే బదులిచ్చారు.

"విన్నాం తిప్పన్నా."

అలా అవతలి గట్టు చేరారు. బాణం ఎవరిదో రెండు గట్లూ చూశాయి. దళవాయి కోటకు తిరిగి వెళ్లేసరికి అతని సైనికులే తలుపులు తియ్యలేదు. పెళ్లినాడు తాళాలు అందగానే అన్నలదేవి వెంగమకు సెలవిచ్చింది.

"ఎక్కడికి పోతావే?" అని అడిగింది.

"రేవుకే, అమ్మగారూ. దారి తెలియనివాళ్లు వస్తుంటారు కదా."

బతికినన్నాళ్లూ వెంగమ అక్కడే నిలబడి, దాటేవాళ్లకు పిలుపు ఇచ్చేదట.

ఇప్పటికీ ఆ రేవులో పెళ్లికూతురు దాటుతుంటే సుడిగుంట దగ్గర మగవాళ్లు మాట్లాడరు. ముందు నడిచే ఆడమనిషి ఎవరైనా సరే, "గుంటుందీ" అని పిలుస్తుంది. వెనకవాళ్లంతా, ముసలివాళ్లూ పసివాళ్లూ, ఆమె పేరు ఏదైనా, ఒకటే బదులిస్తారు.

"విన్నాం తిప్పన్నా."