నల్లమద్ది కడుపులో నీళ్ళు

పాపికొండల అడవిలో ఆ ఏడు ఎండలు ఎంత ముదిరాయంటే, వాగులో చేపలు తిరిగే చోట తొండలు పరుగెత్తుతున్నాయి. చుక్కమ్మ అనే జింకకు ఒక్కటే పిల్ల. నీళ్ళు లేక తల్లికి పాలు ఇంకిపోయాయి. పిల్ల వాగు ఒడ్డున చెట్టు కింద నాలుక వేలాడేసి పడిపోయింది. ఎలుగుబంటి భీమయ్య ఇసకంతా తవ్వి తవ్వి, తడి తగలక, గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే దిగాడు నక్క సూరప్ప. వాడి కళ్ళు పిల్ల మీదే ఉన్నాయి.

"అయ్యో వదినా, నీళ్ళ మాను ఉండగా పిల్లని ఇలా ఎండబెడతావా?"

"మానేంటి, నీళ్ళేంటి మరిదీ?"

"కొండ అవతల ఉందిలే. కడుపు నిండా నీళ్ళే. గోటితో చీలిస్తే చాలు, కుండ పగిలినట్టే! నువ్వూ భీమయ్య బావా పోయి రండి. పిల్ల నడవలేదు కదా, నేను చూసుకుంటా."

చూసుకుంటాడట! వాడెలా చూసుకుంటాడో అడవిలో అందరికీ తెలుసు, చుక్కమ్మకీ తెలుసు. కానీ పిల్ల ఊపిరి ఎగపోస్తోంది. ఆ తల్లికి ఇంకే దారీ తోచలేదు.

"గుర్తులు చెప్పు. ఒక మాననుకుని ఇంకో మాను దగ్గరికి పోతే నా పిల్ల నాకు దక్కదు."

గుర్తులా? అలాంటి మాను ఉంటే కదా! సూరప్ప దిక్కులు చూశాడు. చుక్కమ్మ వెనకే ఒక చెట్టుంది. దాన్నే చూస్తూ గడగడా అప్పజెప్పేశాడు.

"బెరడు నల్లగా, పెచ్చులు పెచ్చులుగా, మొసలి వీపులా ఉంటుంది. ఆకు తిరగేస్తే తొడిమ దగ్గర రెండు పులిపిర్లు. కాయకి ఐదు రెక్కలు. మాను నడుముకి ఇంత బొడిపె, నిండు చూలాలి పొట్టలా."

చుక్కమ్మ గుర్తులు వల్లె వేసుకుంటూ వెనక్కి తిరిగింది. తిరగడమే, కొయ్యబారిపోయింది. కాళ్ళ దగ్గర ఎండుటాకు వెల్లకిలా పడి ఉంది. తొడిమ దగ్గర రెండు పులిపిర్లు! తలెత్తి చూసింది.

"మరిదీ! కొండ దాకా ఎందుకు? ఇదేగా!"

సూరప్పకి నవ్వాగలేదు. అందులో కట్టె తప్ప ఏముంటుంది? వీళ్ళు అలసిపోయాక ఎలాగూ కొండెక్కుతారు.

"చీల్చి చూడు బావా" అంటూ తాపీగా బొడిపె కిందే చతికిలబడ్డాడు.

భీమయ్య గోళ్ళు దింపి లాగాడు.

బుస్సుమని నీళ్ళు! ధార పోయి నక్క మొహాన కొట్టింది. చుక్కమ్మ తెరిచిన నోరు మూయలేదు. భీమయ్య తన పంజాని తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ బెరడుకే వీపు గోక్కున్నాడు మరి!

అందరికన్నా అదిరిపోయినవాడు సూరప్ప. "నీళ్ళా? నిజంగా నీళ్ళేనా? నేను చెప్పింది అబద్ధం కదా!" అని అరిచేశాడు.

భీమయ్య మెల్లగా వాడి వైపు తిరిగాడు. "అబద్ధమా? అయితే మమ్మల్ని కొండెక్కించి ఈ పిల్లని ఏం చేద్దామనుకున్నావురా?"

సూరప్ప ఒక్క ఉదుటున లేచాడు. తడిసిన తోకతో ఆ కొండ తనే ఎక్కాడు.

నీళ్ళు వగరుగా, కాస్త వాసనగా ఉన్నాయి. అయినా పిల్ల గుటగుటా తాగి, కాసేపటికి వణుకుతూ లేచి నిలబడింది. చుక్కమ్మ మానుకి మొహం ఆనించి భోరుమంది.

"దీన్ని నల్లమద్ది అంటారు చెల్లెమ్మా" అన్నాడు భీమయ్య, ఇంకా తేరుకోకుండానే. "పేరైతే తెలుసు కానీ, దీని కడుపులో ఏముందో ఇవాళే తెలిసింది."

అబద్ధాలు అల్లేవాడికి కళ్ళ ముందున్న నిజం కూడా కనబడదు.