నాలుగో హద్దు

అమలాపురంలో ప్లీడరు వారణాసి కామేశం గారికి ఒక అలవాటు ఉండేది. ఆస్తి తగాదాతో ఎవరొచ్చినా, కాగితాలు ఎంత పక్కాగా ఉన్నా, నాలుగు హద్దులూ కక్షిదారు నోటితోనే చెప్పించుకునేవారు. జూనియరు సుదర్శనానికి ఇది వట్టి చాదస్తంగా తోచేది. ఉండబట్టలేక ఒకనాడు అడిగేశాడు.

"దస్తావేజులో ఉన్నవేగా గురువుగారూ. మళ్ళీ అడగడం ఎందుకండి?"

కామేశం గారు నవ్వి ఊరుకున్నారు. ఆయన దగ్గర జవాబు కావాలంటే ఓపిక పట్టాలి.

అంతలో గొలుగూరి అబ్బులు వచ్చాడు. తండ్రి పంచి ఇచ్చిన కొబ్బరిదొడ్లు అన్నదమ్ములవి పక్కపక్కనే ఉన్నాయి. తమ్ముడు వీరన్న మధ్యనున్న తాటాకు దడి ఇవతలికి జరిపి రెండు చెట్లు కలిపేసుకున్నాడని అబ్బులు కోపం. మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఇక కోర్టులోనే తేల్చుకుంటానన్నాడు. ఒకసారి దావా పడిందంటే ఆ అన్నదమ్ములు ఈ జన్మకు ఒక పంక్తిలో కూర్చోరని సుదర్శనానికి తెలుసు. తెలిసీ వకాలతు కాగితం బయటికి తీశాడు. కొత్త ప్లీడరుకి కేసంటే ఆకలి మరి.

"హద్దులు చెప్పవయ్యా," అన్నారు కామేశం గారు.

"తూర్పు పంటకాలవండి. దక్షిణం బళ్ళెళ్ళే డొంక. పడమర ముత్యాల వారి తోట." అబ్బులు అక్కడ ఆగాడు. "ఉత్తరం దడేనండి."

"దడి జరిగిందనేగా నీ గొడవ. జరిగేది హద్దెలా అవుతుంది? దాని అవతల ఎవరున్నారో చెప్పు."

అబ్బులు కండువా సర్దుకున్నాడు. "ప్రతివాదండి."

"కోర్టుకెక్కకముందే ప్రతివాది ఎక్కణ్ణించి వచ్చాడయ్యా? మీ నాన్న పంచిననాడు అక్కడ ఎవరున్నారు?"



"మా తమ్ముడండి," అన్నాడు అబ్బులు చివరికి. "చిన్నప్పుడు ఆడికి చీకటంటే బయవండి. అందుకే నాన్న నా పక్క దొడ్డే ఆడికిచ్చాడు."

సుదర్శనం ముందుకు జరిపిన వకాలతును అతను చూడనేలేదు. రేపొస్తానండి అని లేచి వెళ్ళిపోయాడు. నోటిదాకా వచ్చిన ముద్ద జారినట్టు సుదర్శనం ఉసూరుమన్నాడు. ఆ వెంటనే, ఎందుకో, మనసు తేలికపడింది కూడా.

"రేపు వస్తాడంటారా గురువుగారూ?"

కామేశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"వస్తే ఉత్తరపు హద్దు నువ్వే రాద్దువుగాని. రాకపోతే, ఆ దడి ఎక్కడ కట్టాలో తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరున్నారు."